చవుడు నేల, ఉప్పు నీరు : కొలిచి తెలిసికొను విధము

కృష్ణా డెల్టాలో పైరు చెడుటకు కారణములు పెక్కు గలవు. పురుగు పట్టినచో ఆకు చెప్పును. ఎరువు చాలనిచో పైరు రంగు చెప్పును. నీరు చాలనిచో నెఱ్ఱె విచ్చిన నేలయే చెప్పును. ఉప్పు మాత్రము చెప్పక వచ్చును. మడిలో అక్కడక్కడ నారు తిరుగకుండుట, దుబ్బు కట్టకుండుట, ఆకు కొనలు తెల్లబారి ఎండుట, కంకిలో తాలు మిక్కుటమగుట మొదలగు గుఱుతులు కనబడుసరికి విత్తనమునకును, దమ్మునకును, నాట్లకును, ఎరువునకును పెట్టిన సొమ్ము పొలములో పడియే యుండును. ఆ సొమ్ములో పెద్ద భాగము సంఘము నుండి తెచ్చిన అప్పు. కావున ఉప్పును పైరు చెప్పకముందే తెలిసికొనుట రైతునకును, సంఘమునకును గూడ అవసరము.

ఉప్పును కొలుచుట కష్టము కాదు. చేతిలో నిముడు చిన్న పరికరముతో నిమిషములో కొలువవచ్చును. అయితే కొలిచిన అంకె యొక్కటే చాలదు. ఏ నీటిని, ఏ మట్టిని, ఎంత లోతున, ఏ నెలలో, ఏ పద్ధతిని కొలిచితిమో తెలిసిననే ఆ అంకె పనికి వచ్చును. తెలియనిచో అదే అంకె మోసపుచ్చును. ఈ సంగతిని మన డెల్టా పొలముల నుదాహరణముగా గొని వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఉప్పు వచ్చు త్రోవలు

బెజవాడ వద్ద కృష్ణ కడ్డముగా ఆనకట్ట పని 1852లో ప్రారంభమై 1855లో ముగిసెను. 1952లో ఆ ఆనకట్టకు గండిపడగా, దానికి బదులుగా కట్టిన ప్రకాశం బ్యారేజి 1957లో పూర్తియైనది. ఈ కట్టడముల వలన తీపినీరు కాలువల వెంట తూర్పున దివిసీమ, బందరు ప్రాంతముల వఱకును, పడమట రేపల్లె, నిజాంపట్నము, బాపట్ల ప్రాంతముల వఱకును పాఱుచున్నది. అయితే కాలువ చివరనున్న ఈ గ్రామముల భూములు సముద్రమట్టమునకు కొలది అడుగుల ఎత్తున మాత్రమే యున్నవి. తీపినీరు పైనుండి వచ్చినట్లే ఉప్పునీరు క్రిందినుండి వచ్చుటకు ఇచ్చట త్రోవలు గలవు.

మొదటి త్రోవ సముద్రపు పోటు. వేసవిలో నదిలో పాఱుదల సన్నగిల్లినపుడు, పోటు సమయమున ఉప్పునీరు నదీముఖముల నుండియు, మురుగు కాలువల నుండియు లోపలికి ఎగబ్రాకును. దివిసీమలోని రత్నకోడు వంటి మురుగు కాలువలు వర్షాకాలమున మన మురుగును సముద్రమునకు గొనిపోవును. వాని ముఖద్వారములందలి తలుపులు చెడినచో వేసవిలో అవియే సముద్రమును మన పొలముల కడకు దెచ్చును. కొల్లేటి నీటిని సముద్రమునకు చేర్చు ఉప్పుటేటి యందును ఎండకాలమున ఇట్టి ఎదురుపోటు కలుగుచుండును.

రెండవ త్రోవ భూగర్భము. తీరప్రాంతమున వాననీరు ఉప్పునీటిపై తేలియుండును, ఏలయన ఉప్పునీరు కొంచెము బరువైనది. శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారము మంచినీరు సముద్రమట్టమునకు ఒక అడుగు ఎత్తున నిలిచియున్నచో, మట్టమునకు దిగువ సుమారు 40 అడుగుల లోతు వఱకు మంచినీరే యుండును. ఈ లెక్కను తిరుగవేసి చూడుడు. గొట్టపు బావితో తోడితోడి నీటిమట్టమును ఒక అడుగు దింపినచో, అడుగున ఉప్పునీరు 40 అడుగులు పైకి వచ్చుటకు వీలు కలుగుచున్నది. కావుననే తీరమున లోతుగా బోరు దింపినకొలది నీరు చెడును. బాపట్ల ప్రాంతపు ఇసుక భూములలో పెద్దలు లోతు తక్కువ దొరువులు త్రవ్వి, పైపై తీపినీటిని మాత్రమే కుండలతో ముంచి కూరగాయల మొక్కలకు పోసికొనుట ఈ కిటుకు నెఱిగియే. బాపట్లలోని వ్యవసాయ పరిశోధకులు ఈ దొరువు పద్ధతినే మెఱుగుపఱచి, తక్కువ లోతున అడ్డముగా గొట్టములు పఱచి పైనీటిని మెల్లగా తోడు విధమును ప్రచారము చేసిరి.

మూడవ త్రోవ మనము పెట్టు నీరే. ఎంత తీయని నీటియందైనను కొంత యుప్పు కరగియుండును. నీరు ఆవిరియై పోవును, పైరు త్రాగును, ఉప్పు మాత్రము నేలలో మిగులును. నేలలోని నీటిమట్టము మూడు నాలుగడుగుల లోతుననే యున్నచో, దీపపు వత్తి నూనెను పీల్చినట్లు ఎండిన మట్టి ఆ నీటిని పైకి పీల్చి, ఉప్పును పైపొరలో విడుచును. మురుగు పోనిచోట చవుడు పుట్టుటకు కారణమిదియే. కాలువలు త్రవ్విన నాడే మురుగు కాలువల యవసరమును గూడ సంపూర్ణముగా తీర్చి యుండినచో మేలుగా నుండెడిది. 1964 నాటి ముంపుల తరువాత మిత్రా కమిటీ డెల్టా మురుగు సమస్యను విచారించుటయు, 1968లో కృష్ణా గోదావరి డెల్టాలకు డ్రైనేజి సెస్సు చట్టము వచ్చుటయు ఈ లోపమును సరిదిద్దుటకే.

నాలుగవది ఉప్పెన. 1977 నవంబరు 19వ తేదీన వచ్చిన తుపానులో సముద్రము దివిసీమపై బడి వేలకొలది ప్రజలను పొట్టనబెట్టుకొనెను. నీరు తీసిన పిమ్మట మిగిలిన నేలలో ఉప్పు మిగిలెను.

ఐదవది ఇటీవల పెరిగినది. వరిపొలముల ప్రక్కనే ఉప్పునీటితో రొయ్యల చెఱువులు వేసినచో, గట్టు క్రిందుగా ఊట దిగి ప్రక్క మడిని చెఱచును. చెఱువు నీటిని పంట కాలువలోనికి వదలుట మఱియు కీడు.

పాలచవుడు, కారుచవుడు

చవుడనగా నొక్కటే జబ్బు కాదు. మన పెద్దలు దానిని రెండుగా గుర్తించిరి.

పాలచవుడు, లేక తెల్లచవుడు, అను దానియందు కరగెడి లవణములు మిక్కుటముగా నుండును. ఎండినపుడు నేలపై తెల్లని పొర కట్టును. మట్టి పొడిపొడిగా నుండును, నీరు సులభముగా ఇంకును. నేలలో తేమ యున్నను పైరు దానిని పీల్చుకొనలేదు. ఊరగాయ జాడీలోని ఉప్పు కాయలోని నీటిని బయటికి లాగునట్లు, మట్టిలోని ఉప్పు వేరు నుండి నీటిని తన వైపునకు లాగుటయే ఇందుకు కారణము.

కారుచవుడు, లేక నల్లచవుడు, అను దానియందు కరగెడి ఉప్పు తక్కువగనే యుండవచ్చును. కాని సోడియమను ధాతువు బంకమట్టి కణములను గట్టిగా పట్టుకొని యుండును. అట్టి మట్టి తడిసినపుడు జిగటబురద, ఎండినపుడు రాతిగడ్డ. నీరు ఇంకదు. రోజుల తరబడి మడిలో నిలిచి మురికిగానే యుండును. క్షారగుణము వలన మట్టిలోని జీవాంశము కరగి పైన నల్లని చాయ కనబడును. ఇట్టి క్షారపు చవుడు మన్నునే పూర్వము రజకులు బట్టలు ఉడుకబెట్టుటకు వాడెడివారు.

ఈ రెండింటికిని మందు వేఱు. పాలచవుడు కడుగవలసినది. కారుచవుడును ముందుగా జిప్సముతో విఱువవలసినది. కారుచవుడును వట్టి నీటితో కడుగబోయినచో ఉన్న కొద్దిపాటి ఉప్పు పోయి, సోడియము మాత్రము మిగిలి, నేల మఱింత బిగిసికొనును. ఉప్పెన వచ్చిన నేలలకును ఈ అపాయము గలదు. ఆరంభమున అది పాలచవుడే యైనను, వానలకు ఉప్పు కొట్టుకొనిపోయి సోడియము బంకమట్టిని పట్టుకొనుట వలన క్రమముగా కారుచవుడు లక్షణములు పొందవచ్చును. 1953 ఫిబ్రవరిలో సముద్రము కట్టలు తెగి నెదర్లాండ్సు దేశపు పొలములను ముంచినపుడు అచ్చటి రైతులు జిప్సము చల్లుటకు హేతువిదియే.

నాలుకయు కన్నును చాలవు

నీటిని నోట బోసికొని, చప్పగా నున్నది గావున మంచిదే యనుకొనుట మన అలవాటు. మనుష్యుని నాలుక వరినారు కంటె మొద్దుది. మనము త్రాగగల కొన్ని నీళ్లు నారునకు హాని చేయగలవు. మఱియు తీరగ్రామములవారి నాలుక తమ బావి నీటికి అలవాటుపడి యుండును.

కంటితో చూచుటయు నిట్లే. తెల్లని పొర కనబడినపుడు వ్యాధి ముదిరినదని అర్థము. పొర కనబడకున్నంత మాత్రమున ఉప్పు లేదని చెప్పరాదు. వాన కురిసిన మరునాడు ఆ పొర మాయమగును, ఉప్పు మాత్రము అడుగడుగున్నర లోతున దాగి యుండును.

కొలుచు విధములు

ఉప్పు కొఠారులలో పనిచేయువారు ఒక గాజుబుడ్డిని నీటిలో తేలవైచి, అది మునిగిన గీతను బట్టి 'ఇన్ని డిగ్రీలు' అని చెప్పుదురు. సముద్రపు నీరు ఆ బోమే కొలతలో సుమారు 3 డిగ్రీలు. మడిలో ఎండి 25 డిగ్రీలకు వచ్చినపుడు ఉప్పు గడ్డకట్ట నారంభించును. చిక్కని ఉప్పునీటికి ఈ సాధనము చక్కనిది. కాని పంటనీటిలోని ఉప్పు మిక్కిలి స్వల్పము గావున బుడ్డి ఆ భేదమును చూపజాలదు.

రెండవ విధము నీటిని ఇగురబెట్టి మిగిలిన లవణమును తూచుట. ఒక లీటరు సముద్రజలము ఇగిరినచో సుమారు 35 గ్రాముల లవణము మిగులును. పంటనీటిలో మిగులునది గ్రాములో కొంతభాగమే గావున దీనికి ప్రయోగశాల త్రాసు వలయును.

మూడవది రసాయన పరీక్ష. నీటిలో పసుపుపచ్చని పొటాసియము క్రోమేటు ద్రావకమును కొద్దిగా వేసి, వెండి ద్రావకమును బొట్టుబొట్టుగా విడుతురు. నీటిలోని క్లోరైడు అంతయు వెండితో కలిసి తెల్లగా విఱిగిన పిమ్మట, తరువాతి బొట్టునకు నీరు ఇటుక రంగునకు తిరుగును. ఎన్ని బొట్లు పట్టినవో దానిని బట్టి క్లోరైడు లెక్క దేలును. మోర్ అను జర్మను శాస్త్రజ్ఞుని పేర 1856 నుండి ప్రసిద్ధమైన ఈ పద్ధతి నేటికిని వాడుకలో నున్నది.

నాలుగవది నేడు మనకు మిక్కిలి యుపయోగకరమైనది. స్వచ్ఛమైన నీటి గుండ విద్యుత్తు దాదాపు ప్రవహింపదు. ఉప్పు కరగినకొలది ప్రవాహము హెచ్చును. నీటిలో రెండు లోహపు రేకులను కొలిచిన దూరమున నుంచి ఎంత విద్యుత్తు ప్రవహించునో చూచినచో ఉప్పు ఎంతయో తెలియును. దీనిని విద్యుద్వాహకత యందురు. ప్రయోగశాల కాగితములలో దీని పొట్టిపేరు 'ఇ.సి.'. దీని ప్రమాణము డెసిసీమెన్సు. పాత పుస్తకములలో దీనినే మిల్లీమో అని వ్రాసిరి. రెండును ఒకటే. అడ్డగింపునకు ప్రమాణమైన 'ఓమ్' అను మాటలోని ఇంగ్లీషు అక్షరములను తిరుగవేసి 'మో' అని పేరు పెట్టిరి.

కలము వంటి చిన్న ఇ.సి. పరికరములు అంగడిలో దొరకును. కాని తూకపురాయి సరిచూడని త్రాసు ఎట్లో, సరిచూడని పరికరము అట్లే. లీటరు శుద్ధజలములో 0.746 గ్రాముల శుద్ధ పొటాసియము క్లోరైడు కలిపిన ద్రావకము 25 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో 1.413 డెసిసీమెన్సు చూపవలయును. ఇట్టి ద్రావకము సీసాలలో సిద్ధముగా అమ్మబడుచున్నది. ఎరువు పొటాషు శుద్ధమైనది కాదు గావున దానితో సరిచూడరాదు. నీరు వేడియైనకొలది అంకె డిగ్రీకి సుమారు నూటికి 2 వంతున పెరుగును. కావున ఎండలో కాగిన నీటిని నీడలో చల్లార్చి కొలువవలెను, లేదా వేడిమిని తానే సవరించుకొను పరికరమును వాడవలెను.

నీటి అంకెకు అర్థము

ఇ.సి. అంకెను 640 చేత గుణించినచో లీటరు నీటిలో నున్న లవణము సుమారుగా మిల్లీగ్రాములలో వచ్చును. దీనిని పొలము లెక్కలోనికి మార్చి చూతము. ఎకరముపై ఒక అంగుళము నీరు నిలిపిన, అది లక్షా రెండువేల లీటర్లకు మించును. ఆ నీటి ఇ.సి. 1 అయినచో, ఒక్క అంగుళపు నీటితో సుమారు 66 కిలోల ఉప్పు పొలములో వేసినట్లు. పంటకాలమంతయు 40 అంగుళములు పెట్టినచో రెండున్నర టన్నులకు మించును. మురుగు బాగుగా పోవు పొలములో ఇందు పెద్ద భాగము మఱల వెడలిపోవును. మురుగు లేనిచో అక్కడనే చేరియుండును.

సాధారణముగా ఇ.సి. 0.7 లోపు నీరు నిశ్చింతగా వాడదగినది. 0.7 మొదలు 3 వఱకు జాగ్రత్త వలయును. నేల, పైరు, మురుగు సౌకర్యము చూచుకొని వాడవలెను. 3 దాటినచో తట్టుకొను పైరులకు దప్ప వాడరాదు. సముద్రపు నీటి ఇ.సి. సుమారు 50. ఇరువది బిందెలలో ఒక్క బిందె సముద్రజలము కలిసినను ఆ నీరు మూడింటి దరిదాపునకు వచ్చును. పోటువేళ కాలువలో ఎగబ్రాకు ఉప్పును చులుకన చేయరాదనుటకు ఈ లెక్క చాలును.

రొయ్యల సాగువారు ఉప్పును వేఱొక కొలతలో చెప్పుదురు. వారి 'పి.పి.టి.' యనగా వేయి పాళ్లకు ఇన్ని పాళ్లు, అనగా లీటరునకు ఇన్ని గ్రాములు. ఒక ఇ.సి. సుమారు 0.64 పి.పి.టి. చెఱువువారు "మా నీరు 5 పి.పి.టి. మాత్రమే, ఉప్పు తక్కువ" అనవచ్చును. రొయ్యకు అది తక్కువయే. వరి లెక్కలో అది ఇ.సి. 8, 9 యగును. ఒకరి కొలతను ఒకరు ఎఱుగకపోవుట వలన గట్ల తగవులు ముదురుచున్నవి. ఇరువురును ఒకే కొలతలో మాటలాడుట మేలు.

నీటి విషయమున మఱియొక సంగతి గలదు. కొన్ని బోరునీళ్లలో మొత్తము ఉప్పు తక్కువగ నున్నను సోడా క్షారము హెచ్చుగ నుండును. ఇట్టి నీరు మంచినేలను గూడ కాలక్రమమున కారుచవుడుగా మార్చును. దీనిని ఇ.సి. చూపదు. కావున క్రొత్త బోరునీటిని ఒకమారైనను ప్రయోగశాలకు పంపి సోడియము, కార్బొనేటు లెక్కలను గూడ కోరవలెను.

మట్టి అంకెకు అర్థము

పొరపాట్లు మిక్కుటముగా జరుగునది ఇచ్చటనే. మట్టిని రెండు విధములుగా కొలుతురు.

పుస్తకములలో చెప్పు హద్దులు ముద్దమట్టి పద్ధతికి చెందినవి. మట్టిని శుద్ధజలముతో చపాతిపిండి కంటె పలుచగా, మెఱయునట్టి ముద్దగా కలిపి, అందుండి పీల్చిన నీటిని కొలుతురు. ఈ పద్ధతిలో 4 దాటిన నేలను చవుడు నేల యందురు. వరికి 3 వఱకు నష్టముండదు. ఆపైన అంకె ఒకటి పెరిగినకొలది దిగుబడి సుమారు నూటికి 12 వంతున తగ్గును. అనగా 5 వద్ద నాలుగవ వంతు, 7 వద్ద దాదాపు సగము పంట పోవును. ప్రత్తి 7, 8 వఱకు తట్టుకొనును. చెఱకు, మొక్కజొన్న 2 లోపుననే నష్టపడ నారంభించును. వేరుసెనగ 3 దాటినంతనే వేగముగా క్షీణించును.

భూసార పరీక్షా కేంద్రములలో వేలకొలది నమూనాలు చూడవలసియుండుటచే ముద్దమట్టి పద్ధతిని సాధారణముగా వాడరు. ఒక పాలు మట్టికి రెండు లేక రెండున్నర పాళ్లు నీరు కలిపి, తేరిన నీటిని కొలుతురు. 2015 ఫిబ్రవరిలో ప్రారంభమైన భూసార పత్రముల పథకమున రైతున కందు అంకె ఇట్టి పలుచని నీటి అంకె. మజ్జిగలో నీరు పోసినకొలది ఉప్పు తగ్గినట్లు తోచునట్లే, ఇచ్చట అంకె చిన్నదిగా కనబడును. పత్రములో '1.2' అని చూచి, "నాలుగు దాటినగదా చవుడు" అని నిశ్చింతగా నుండుట ప్రమాదకరము. ఈ పద్ధతిలో 1 లోపు సాధారణముగా మేలు. 1 దాటినచో సున్నితమైన పైరులకు మొలకనాడే నష్టము కలుగవచ్చును.

నేల జాతిని గూడ గమనింపవలెను. బంకనేల ముద్దకు హెచ్చు నీరు పట్టును, ఇసుకనేలకు కొలదిగా పట్టును. నూరు గ్రాముల డెల్టా నల్లమట్టి ముద్దకు 70 గ్రాముల నీరు పట్టినదనుకొనుడు. రెండున్నర పాళ్ల పద్ధతిలో దానిని మూడున్నర రెట్లు పలుచన చేసినట్లు. ఇసుకమట్టికి 25 గ్రాములే పట్టినచో పది రెట్లు పలుచన చేసినట్లు. కావున పత్రములో అంకె 0.5 అని యున్నచో నల్లమట్టిలో అది సుమారు 2, భయము లేదు. అదే 0.5 తీరపు ఇసుకలో 5 కావచ్చును. జిప్సము వంటి నెమ్మదిగా కరగు లవణములున్నచోట ఈ లెక్క కొంత మాఱును. అయినను పత్రము చేతికి వచ్చినపుడు "ఏ పద్ధతిని కొలిచితిరి?" అని అడుగుట ప్రతి రైతునకు విధి.

ఇ.సి.తో పాటు పత్రములో పి.హెచ్. అను అంకె యుండును. ఇది పులుపును, క్షారమును తెలుపును. 7 సమస్థితి. ఇ.సి. హెచ్చుగ నుండి పి.హెచ్. 8.5 లోపున నున్నచో పాలచవుడు. పి.హెచ్. 8.5 దాటినచో కారుచవుడని అనుమానించి సోడియము పరీక్ష చేయింపవలెను. ఇంటివద్ద రెండు చిన్న గుఱుతులు చూడవచ్చును. మట్టిని వాననీటిలో కలిపి గాజుసీసాలో నుంచినచో, పాలచవుడు నీరు త్వరగా తేరును. కారుచవుడు నీరు మరునాటికిని మురికిగా నుండును. పసుపు పట్టించి ఆరబెట్టిన తెల్లకాగితమును గట్టి క్షారపు నీటిలో ముంచినచో, సున్నము తగిలిన పసుపువలె ఎఱ్ఱబారును. ఇవి సూచనలు మాత్రమే, కొలతలు కావు.

నమూనా ఎప్పుడు, ఎట్లు తీయవలెను

ఉప్పు నేలలో కదలుచుండును. వానకు దిగును, ఎండకు ఎక్కును. శ్రావణమున నీరు నిలిచిన మడిలో 1 చూపిన నేల చైత్రమున అంతకు మూడు నాలుగు రెట్లు చూపవచ్చును. సార్వా వరి చక్కగా పండిన చేలో, కోతకు ముందు చల్లిన మినుము మొలచి మాడిపోవుట తీరగ్రామములలో చూచుచునే యున్నాము. విత్తనము చెడ్డదని అంగడివానిపై నేరము మోపుదుము. మినుము ఉప్పునకు మిక్కిలి సున్నితమైనది. నీరు తీసిన చేలో ఉప్పు పైకెక్కు కాలముననే అది మొలకెత్తవలసియున్నది. కావున మినుము చల్లదలచిన చేనిని నీరు తీసినపుడొకమారును, చవుడు పూర్తి స్వరూపము తెలియుటకు ఏప్రిల్, మే నెలలలో వానకు ముందొకమారును పరీక్షింపవలెను.

ఎకరమునకు ఎనిమిది, పదిచోట్ల మట్టిని తీసి కలిపి, నాలుగు భాగములు చేసి ఎదురెదురు భాగములను విడుచుచు అరకిలో మిగుల్చుకొనవలెను. చవుడు అనుమానమున్నచోట పైమట్టి యొక్కటే చాలదు. 15, 30, 60 సెంటిమీటర్ల లోతుల మట్టిని వేఱువేఱుగా తీయవలెను. పైన హెచ్చు, క్రింద తక్కువ యైనచో ఉప్పు నీటిమట్టమునుండి ఎక్కుచున్నదని అర్థము. క్రింద హెచ్చయినచో దిగుచున్నది. తెల్లపొర గల చోటి మట్టిని మంచిచోటి మట్టితో కలుపరాదు. ఎరువు సంచులలో నమూనా వేయరాదు, ఎరువు కూడ ఉప్పే గదా. సర్వే నంబరు, లోతు, తేది వ్రాసి కట్టవలెను.

నీటి నమూనాకు సీసాను అదే నీటితో మూడుమారులు కడిగి నింపవలెను. బోరును అరగంట నడిపిన పిమ్మట పట్టవలెను. పోటు తగులు కాలువలో పోటువేళ ఒకటి, పాటువేళ ఒకటి పట్టవలెను. ఆ రెండంకెల భేదమే తూము ఎప్పుడు తెఱవవలెనో, ఎప్పుడు మూయవలెనో చెప్పును.

కొలిచిన పిమ్మట చేయవలసినవి

పాలచవుడైనచో మడిని చదును చేసి, గట్లు బలపఱచి, దున్ని, మంచినీరు నిలిపి ఇంకించి, మురుగులోనికి తీయవలెను. అడుగు లోతు నేలను అడుగు నీటితో ఇంకించి కడిగినచో అందలి ఉప్పులో మూడు వంతులకు మించి దిగును. అయితే మురుగు త్రోవ లేనిదే కడుగుట వ్యర్థము. దిగిన ఉప్పు మఱల ఎక్కును. పశ్చిమ డెల్టా చివరనున్న ఉప్పుగుండూరులో నెదర్లాండ్సువారి సహకారముతో మన వ్యవసాయ విశ్వవిద్యాలయము వారు భూమిలో రంధ్రములు గల గొట్టములు పఱచి, ఉప్పునీటిని అడుగునుండియే తీయు పద్ధతిని ప్రయోగించి చూపిరి. అట్టి పని ఒక్క రైతు వలన కాదు, ఆయకట్టు అంతయు కలిసిననే అగును.

కారుచవుడైనచో ప్రయోగశాలవారు చెప్పిన మేర జిప్సమును పైమట్టిలో కలిపి, నీరు నిలిపి, కొన్ని దినములకు ఆ నీటిని తీసివేయవలెను. పిమ్మట జీలుగ వేసి పూతకు ముందు కలియదున్నుట మేలు. జిప్సములోని సున్నపుధాతువు సోడియమును కణములనుండి తఱుమును. నీరు దానిని కొనిపోవును. రెండవపని చేయనిచో మొదటిది వృథా.

వరి నాటునపుడు చవుటి మళ్లలో ముదురు నారును, కుదురునకు హెచ్చు మొక్కలను, దగ్గరదగ్గరగా నాటవలెను. లేతనారు దశయందును, పూతదశయందును వరికి ఉప్పు హెచ్చు హాని చేయును గావున ఆ రెండు కాలములకు మంచినీటిని దాచుకొనవలెను. బందరు పరిశోధనా కేంద్రము వారి ఎం.సి.ఎం. 100, 103 వంటి రకములు చవుటిని కొంత తట్టుకొనును. తట్టుకొనుటయే గాని చవుటిని అవి పోగొట్టవు.

సంఘము చేయదగినది

ఇ.సి. పరికరము ఒక్కొక్క రైతు కొనవలసిన వస్తువు కాదు. ఊరికొకటి చాలును. సంఘము ఒక పరికరమును, సరిచూచు ద్రావకమును కొని, ఒక గుమాస్తాకో చదువుకొన్న యువకునికో పని నేర్పినచో, సభ్యులందఱి నీరును కొలువవచ్చును. కాలువ చివరి తూము, మురుగు కాలువ ముఖము, నాలుగైదు బావులు ఎన్నుకొని ప్రతి పక్షమున కొలిచి, తేదీ, పోటుపాటులతో ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను. రెండు మూడేండ్ల అంకెలు చేరినచో ఆ పుస్తకమే సాక్ష్యము. తలుపు చెడిన మురుగు కాలువను గూర్చి అధికారులకు వ్రాయునపుడు "మా పొలములు ఉప్పుబారినవి" అనుట కంటె, "ఫలాని తేదీని పోటువేళ 6, పాటువేళ 2" అని చూపుటకు బలము హెచ్చు. రొయ్యల చెఱువువారితో తగవు వచ్చినను ఆ పుస్తకమే మధ్యవర్తి యగును. పంట అప్పు ఇచ్చునపుడు ఏ చేనికి ఏ పైరు తగునో చూచుటకును, జిప్సమును ఒక్కమారు తెప్పించి అవసరమున్న వారికే పంచుటకును అదియే ఆధారము.

కావున సభ్యులు వేసవి పోకముందే తమ పొలముల నమూనాలు తీసి యుంచుకొందురు గాక. తొలకరి పడినపిమ్మట తీసిన మట్టి నిజము చెప్పదు. పత్రము చేతికి వచ్చినపుడు ఇ.సి., పి.హెచ్., కొలిచిన పద్ధతి అను మూడింటిని చూచి, తెలియనిచో సంఘ కార్యాలయమున అడిగి తెలిసికొని, ఆ పిమ్మటనే విత్తనమునకు సొమ్ము పెట్టుట క్షేమము.